పిన్ను లేని స్టాండు

బుధవారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ఇంజన్ నేల విడిచింది.

ఆరు సిలిండర్ల ట్రాక్టర్ ఇంజన్. వెనకనుండే బరువు చక్రం, ఫ్లైవీల్, తీసేశాక కాటా మీద ఎనిమిది వందల నలభై కిలోలు తూగింది. ఆ చీటీ షెడ్డు తలుపుకు గుచ్చి ఉంది. చైన్ బ్లాకు గొలుసు లాగుతున్నది బాబాయి. లాగేది కుడిచెయ్యి. ఎడమచెయ్యి ఊతం మాత్రమే. ఆ చేతికి మూడు వేళ్ళున్నాయి.

బరువు గాల్లో ఉన్నంతసేపు ఎవరూ నోరు విప్పకూడదని ఆ షెడ్డులో నియమం. ఆ కాసేపట్లో జరిగిన కథ తలుచుకోవచ్చు.

పదకొండేళ్ళ కిందట ఇదే షెడ్డులో, షెడ్డు మేస్త్రి తన చేత్తో కట్టిన, ఇంజన్లను బిగించి తిప్పే స్టాండు మీద ఇలాంటి ఇంజనే పక్కకు తిరిగి ఉండగా ఒక్కసారిగా దొర్లింది. లోపల క్రాంకు ఇరుసు దగ్గర గుడ్డతో తుడుస్తున్న ఆయన తమ్ముడి, అంటే ఈ బాబాయి, వేళ్ళు రెండు పోయాయి. “తప్పు నాదే. ఇంజన్ తిరక్కుండా అడ్డం వేసే పిన్ను పెట్టడం మర్చిపోయాను” అని ఆ తమ్ముడే నలుగురి ముందు చెప్పాడు. ఆ నాటి నుంచి వీధిలో ఆయన పేరు ‘పిన్ను’ అయింది. మేస్త్రి ఆ స్టాండును పెరట్లోకి ఈడ్చేశాడు. పెద్ద ఇంజన్లు పట్టనని చెప్పేశాడు. ఏనుగులు కట్టిన చోట మేకలు కట్టినట్టు, అప్పటినుంచి ఆ షెడ్డులోకి నీళ్ళ పంపుల ఇంజన్లే వచ్చాయి.

మేస్త్రి కూతురు చిట్టి. చదువయ్యాక వెల్డింగ్ నేర్చుకుంది. నాలుగు నెలలు కూర్చుని పెద్ద ఇంజన్ల కోసం కొత్త స్టాండు కట్టింది. ఊరి బయట పెద్ద ఫారం మేనేజరు అది చూసి తన ట్రాక్టర్ ఇంజన్ తెచ్చి దింపాడు. మేస్త్రి కాదనలేదు, ఔననలేదు. మర్నాడు బజారుకెళ్ళి ఎర్రరంగు వేసిన స్టాండు ఒకటి కొనుక్కొచ్చి మూల నిలబెట్టాడు. దాని మీద ‘ఒక టన్ను’ అని రేకు బిగించి ఉంది.

ఒప్పందం కుదిరింది. చిట్టి స్టాండు మీద ఇంజన్‌ను మూడుసార్లు తిప్పాలి. అన్నీ బిగించి ఉండగా ఒకసారి, పైన మూతలా ఉండే హెడ్డు తీశాక ఒకసారి, కింది ఆయిల్ చాంబరు కూడా తీశాక ఒకసారి. మూడూ నెగ్గితే మేస్త్రి అంకెల అచ్చుల పెట్టె ఇస్తాడు. ఒక్కటి తప్పినా ఆ స్టాండు కోసి తుక్కులో వేస్తారు, ఇంజన్ ఎర్ర స్టాండు ఎక్కుతుంది.

అచ్చుల పెట్టె సంగతి కూడా చెప్పాలి. బరువు మోసే వస్తువు ఏది కట్టినా, ఎంత మోస్తుందో ఆ అంకె ఇనుములో కొట్టందే ఆ షెడ్డులో వాడరు. అచ్చులు మేస్త్రివి. పెట్టె తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంటుంది.

ఇక పోయిన శనివారం. కొత్త స్టాండుకు మందపు ఇనుము చాలక, చిట్టి పెరట్లోని పాత స్టాండు పలక కోయబోయింది. పిన్ను చిల్లులో తుప్పు గీకితే లోపల ఏదో అడ్డం తగిలింది. సుత్తితో కొట్టి బయటికి తీసింది. బొటనవేలంత ఇనుప ముక్క. ఒక కొన నున్నగా ఉంది, రెండో కొన వాలుగా విరిగి ఉంది.

పిన్ను మర్చిపోతే తప్పు మనిషిది. పెట్టిన పిన్ను విరిగితే తప్పు స్టాండుది. స్టాండు కట్టింది మేస్త్రి.

ఆ ముక్క నాలుగు రోజులుగా చిట్టి చొక్కా జేబులో ఉంది. ఎవరికీ చెప్పలేదు.

*

ఏడూ నలభైకి ఇంజన్ రెండు స్తంభాల మధ్యకు దిగింది. ముందు నాలుగు బోల్టులు, వెనక ఆరు. చిట్టి ఒక్కొక్కటి బిగించి, బిగించినదాని మీద సుద్దతో గీత పెట్టింది. పదో గీత పడ్డాక బాబాయి గొలుసు వదులు చేశాడు. బరువంతా స్టాండు మీదికి వచ్చింది.

“ఇప్పుడు మాట్లాడొచ్చా?” అన్నాడు మేనేజరు. స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. “మా పొలం అడగమంది, ఇంజన్ ఎప్పుడు వస్తుందని.”

“ఇన్నాళ్ళు ఆగిన పొలం ఇంకో నాలుగు రోజులు ఆగదా మేనేజరుగారూ?” అంది చిట్టి.

“పొలం ఆగుతుందమ్మా. మా యజమాని ఆగడు. ఆయనకు చాంబరు లేదు, నూనె నేరుగా బయటికే కారుతుంది.”

బాబాయి నవ్వాడు. మేస్త్రి నవ్వలేదు. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని స్తంభాల కింద గొంతుక్కూర్చున్నాడు. ప్రతి స్తంభం పైనుంచీ దారానికి ఒక గుండు వేలాడుతోంది. గుండు కొన కింద నేలమీద సుద్ద చుక్క. బరువు పడ్డాక స్తంభం వెంట్రుకవాసి ఒరిగినా గుండు చుక్క దాటుతుంది.

ముందు గుండు చూశాడు. వెనక గుండు చూశాడు. మళ్ళీ ముందుది చూశాడు.

“ఊఁ,” అన్నాడు.

మేస్త్రి నోట ఊఁ అంటే ఇంకొకరి నోట శభాష్ కింద లెక్క. చిట్టి అది మనసులో వేసుకుంది గానీ పైకి కనపడనివ్వలేదు. ఇంకా మూడు చుట్లున్నాయి.

“అయినా మేస్త్రిగారూ, ఆ ఎర్రదాని మీద టన్ను అని రాసుంది కదా. మరి దానికి అభ్యంతరమేమిటట అమ్మాయిగారికి?” మేనేజరు మూలకు వేలు చూపించాడు.

మేస్త్రి కూతురి వైపు తల ఊపాడు, నువ్వే చెప్పు అన్నట్టు.

“దానికి స్తంభం ఒక్కటే మేనేజరుగారూ. ఇంజన్‌ను ఒక కొసన పట్టుకుంటుంది, మిగతాదంతా గాల్లో ఉంటుంది. నీళ్ళబిందె చంకన పెట్టుకుంటే ఎంత దూరమైనా మోస్తాం. అదే బిందె చెయ్యి చాచి పట్టుకోమంటే?”

“రెండు నిమిషాలు. అదీ మా ఆవిడ చూస్తుంటే.”

“ఆ రేకు మీద టన్ను చంకన పెట్టుకున్న టన్ను. నాలుగు సిలిండర్ల ఇంజన్ అయితే నేనూ అదే కొనమనేదాన్ని. మీది ఆరు. పొడుగు. బరువు అంత దూరాన ఉంటే దాని మెడ వాలుతుంది. అందుకే రెండు పక్కలా పట్టాను.”

“రంగు వెయ్యకపోయావా మరి?”

“రంగేస్తే వెల్డు కనపడదు. కనపడనివ్వాలి.”

ఆ మాటకు మేస్త్రి తలెత్తి చూశాడు. ఆ మాట ఒకప్పుడు ఆయనదే. చిట్టి తొమ్మిదేళ్ళప్పుడు ఇదే గుమ్మంలో కూర్చుని విన్నది.

*

మొదటి చుట్టు ఎనిమిదీ పదికి మొదలైంది.

స్టాండుకు ఒక పక్కన చేత్తో తిప్పే పిడి ఉంది. దాని వెనక గేర్‌బాక్సు. మూతపడ్డ మిల్లులో బస్తాలను పైకి మోసే పట్టీది అది. పిడి అరవైసార్లు తిప్పితే ఇంజన్ ఒక్క చుట్టు తిరుగుతుంది. మూడు వారాలు వెతికి చిట్టి ఆ గేర్‌బాక్సు తెచ్చింది. విప్పి, కడిగి, పళ్ళు లెక్కపెట్టి, మళ్ళీ బిగించింది.

ఇంజన్ చుట్టూ నేలమీద సుద్దతో గీసిన వలయం ఉంది. దాంట్లో ఎవరూ అడుగు పెట్టకూడదు. చిట్టి వలయం బయట నిలబడి పిడి తిప్పింది. పదిహేను తిప్పులకు ఇంజన్ పక్కకు ఒరిగి పడుకుంది. బరువు ఎక్కువ లాగేది అక్కడే.

“వదులు,” అన్నాడు మేస్త్రి.

చిట్టి పిడి వదిలేసి రెండు చేతులూ పైకెత్తింది. మేస్త్రి లెక్క మొదలుపెట్టాడు. ఒకటి నుంచి వంద దాకా, తొందర లేకుండా, తడబడకుండా. వంద అయ్యేసరికి ఇంజన్ ఎక్కడుందో అక్కడే ఉంది. పిడి వేలెడంత కూడా కదల్లేదు.

“తలకిందులు చెయ్యి.”

చేసింది. మళ్ళీ వంద. తర్వాత రెండో పక్క. మళ్ళీ వంద. అరవయ్యో తిప్పుకు ఇంజన్ మొదటి చోటికి వచ్చింది. గుండ్లు రెండూ చుక్కల మీదే ఉన్నాయి.

తొమ్మిదీ ఇరవైకి హెడ్డు ఊడింది. అన్నదమ్ములిద్దరూ కలిసి తీశారు. ఒకరు పానా చాచితే రెండోవారు చూడకుండానే అందుకుంటారు. మాట అక్కర్లేదు. పెద్ద ఇంజన్ మీద వాళ్ళిద్దరి చేతులు కలిసి పదకొండేళ్ళయింది. చిట్టి పక్కన నిలబడి బోల్టులు డబ్బాలో వేస్తూ చూసింది. చిన్న ఇంజన్ల దగ్గర నాన్న నడుము వంగి ఉంటుంది. ఇప్పుడు నిటారుగా ఉంది.

అమ్మ ఫ్లాస్కుతో టీ తెచ్చింది. అందరికీ పోసింది. ఇంజన్‌ను ఎగాదిగా చూసింది.

“ఇది తిరుగుతుందా?”

“తిరిగింది వదినా, ఒకసారి,” అన్నాడు బాబాయి.

“ఇది తిరిగితే తిరిగింది. ఈ తండ్రీకూతుళ్ళ తలలు తిరక్కుండా ఉంటే నాకు చాలు. రాత్రి ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడలేదు. నన్ను మధ్యన పెట్టి మాట్లాడారు. ‘మీ అమ్మాయికి చెప్పు’, ‘మీ ఆయనకు చెప్పు’. నేనేమైనా గేర్‌బాక్సునా?”

మేనేజరుకు టీ పొలమారింది.

రెండో చుట్టు పదిన్నరకు ముగిసింది. ఈసారి పక్కకు ఒరిగినప్పుడు పిడి చిట్టి చేతికి బిగువుగా తగిలింది. పైన బరువు తగ్గింది కాబట్టి ఇంజన్ కిందికి లాగుతోంది. ఆమె ఆ సంగతి దాచలేదు. “బిగిసింది నాన్నా, కొంచెం,” అని చెప్పింది. మేస్త్రి వంద లెక్కపెట్టాడు. కదల్లేదు. గుండ్లు చుక్కల మీదే ఉన్నాయి.

ఇక మూడోది మిగిలింది.

*

ఇంజన్‌ను తలకిందులుగా నిలిపి చాంబరు విప్పారు. పోత ఇనుముది, ఇద్దరు మోయలేరు, గొలుసుకే తగిలించి దించారు. క్రాంకు బయటపడింది. బేరింగుల మీద నల్లటి జిగురు.

పదకొండేళ్ళ కిందట ఇంజన్ దొర్లింది సరిగ్గా ఈ స్థితిలోనే. హెడ్డు లేదు. చాంబరు లేదు. ఇంజన్ పక్కకు తిరిగి ఉంది. లోపల చెయ్యి ఉంది.

చిట్టి పిడి పట్టుకుంది.

“ఆగు,” అన్నాడు మేస్త్రి. “పిన్ను పెట్టు.”

చిట్టి పిడి వదల్లేదు. “పిన్ను లేదు నాన్నా.”

“లేకపోతే తెచ్చి పెట్టు.”

“పెట్టడానికి చిల్లు లేదు. నేను చిల్లు వెయ్యలేదు.”

మేస్త్రి స్టాండు చుట్టూ తిరిగి వచ్చాడు. రెండు పలకలూ చేత్తో తడిమాడు. నాలుగు నెలలుగా రోజూ దాని పక్కనుంచే నడిచాడు. దగ్గరికొచ్చి చూడటం ఇదే మొదలని చిట్టికి తెలుసు.

“ఏ షెడ్డులో ఉన్నావో తెలిసే కట్టావా ఇది?”

“తెలిసే కట్టాను.”

“పిన్ను లేని స్టాండు మీద ఇంజన్‌ను పక్కకు తిప్పి, దాని పొట్టలో చెయ్యి పెట్టమంటావు. ఎవడిని పెట్టమంటావు?”

“పిన్ను బరువును ఆపదు నాన్నా, బరువుకు ఎదురు నిలబడుతుంది అంతే. నిలబడినన్నాళ్ళు నిలబడుతుంది. గేర్‌బాక్సు అలా కాదు. పిడి ఇంజన్‌ను తిప్పగలదు, ఇంజన్ పిడిని తిప్పలేదు. పళ్ళ వాలు అలాంటిది. నువ్వే రెండు చుట్లూ వంద లెక్కపెట్టావు.”

“మూడో చుట్టు లెక్కపెట్టలేదు ఇంకా.”

“లెక్కపెట్టు మరి.”

“పిన్ను పెట్టాక లెక్కపెడతాను. నలభై ఏళ్ళు చేశాను ఈ పని. నువ్వు నాలుగు నెలలు చేశావు. ఆరు నెలలు సాము చేసి మూలనున్న ముసలమ్మను పొడిచిందట వెనకటికొకతె. పిన్ను లేని స్టాండుకు నా అచ్చు పడదు. అంతే.”

మేనేజరు స్టూలు మీద సర్దుకున్నాడు. అమ్మ ఫ్లాస్కు మూత బిగిస్తూ ఆగిపోయింది.

మేస్త్రి తమ్ముడి వైపు తిరిగాడు.

“నువ్వు చెప్పరా దానికి. పిన్ను మర్చిపోతే ఏమవుతుందో నీకంటే ఎవరికి తెలుసు?”

ఆ మాట ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. వీధి అంది. ఇల్లు అనలేదు.

చిట్టి చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. బట్ట మీదనుంచే ముక్క తగిలింది. తీసి బల్ల మీద పెడితే చాలు, వాదన తెగిపోతుంది. పిన్ను మీద ఇంకెవరూ మాట్లాడరు. కానీ అప్పుడు గెలిచేది ముక్క. స్టాండు కాదు. పైగా అన్న పేరు చెడకుండా చెప్పిన ఆ అబద్ధం బాబాయిది. రెండు వేళ్ళు పోగొట్టుకుని ఆ మనిషి కొనుక్కున్నది అదొక్కటే. ఆయనను అడక్కుండా దాన్ని నలుగురిలో పగలగొట్టే హక్కు ఆమెకు లేదు.

చెయ్యి తీసేసింది.

బాబాయి గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. కుడిచేతి అయిదు వేళ్ళూ, తర్వాత ఎడమచేతి మూడూ. ఆయన ఏ పనీ సగంలో వదలడు.

“మర్చిపోతే ఏమవుతుందో నాకు తెలుసు అన్నయ్యా. చిట్టి కూడా తెలుసుకుంది. అందుకే మర్చిపోవడానికి వీల్లేకుండా కట్టింది.”

“ఏమిటి?”

“పిన్ను పెట్టాలంటే ఒక మనిషి గుర్తుపెట్టుకోవాలి. మనిషన్నాక పెళ్ళాంతో గొడవపడి వస్తాడు, పంటినొప్పితో వస్తాడు, ఒకరోజు మర్చిపోతాడు. దీంట్లో గుర్తుపెట్టుకోవాల్సింది ఏముంది? పిడి వదిలెయ్యడమే. అది అందరికీ వచ్చు.” ఆగాడు. “నేను ఈ నాలుగు నెలలూ దీని ఇరుసులు లేతు మీద తిప్పాను. ఒక్కొక్కటి మూడుసార్లు వెనక్కి పంపింది. నూలుపోగంత ఎక్కువుందని ఒకసారి, తక్కువుందని ఒకసారి. నీ దగ్గర పని నేర్చుకున్నప్పుడు కూడా నేనిన్ని తిట్లు తినలేదు అన్నయ్యా.”

“నేను తిట్టలేదు బాబాయ్.”

“తిట్టలేదు. ‘పర్వాలేదు బాబాయ్, ఇంకొకటి చేద్దాం’ అంది. అది తిట్టుకన్నా ఎక్కువ.”

ఆయన వలయంలోకి నడిచాడు. క్రాంకు ముందు నిలబడి ఎడమచెయ్యి లోపలికి పెట్టాడు.

“తిప్పు చిట్టీ. అన్నయ్యా, నువ్వు లెక్కపెట్టు.”

“బాబాయ్, చెయ్యి తియ్యి,” అంది చిట్టి. గొంతు పెంచలేదు. “వలయంలోకి ఎవరూ రాకూడదని గీసింది నేను. పరీక్ష అయ్యేదాకా నా స్టాండు దగ్గర ఎవరి చెయ్యీ ఉండదు. నీదైనా సరే.”

“నాకు నమ్మకం ఉందే.”

“నమ్మకం మీద నిలబెట్టడానికి కట్టలేదు దీన్ని. బయటికి రా.”

బాబాయి ఆమెను చూశాడు. తర్వాత అన్నగారిని చూశాడు. చెయ్యి తీసి బయటికి వచ్చాడు.

“చూశావా,” అన్నాడు వదినతో. “ఇద్దరు మేస్త్రీలయ్యారు షెడ్డులో. పనివాడిని నేనొక్కడినే మిగిలాను.”

మేస్త్రి కూతురినే చూస్తున్నాడు. చేత్తో చుట్టూ ఉన్నవాళ్ళను వెనక్కి జరగమని సైగ చేశాడు. అమ్మ గుమ్మంలోకి జరిగింది. మేనేజరు స్టూలుతో సహా జరిగాడు.

“జరుగు,” అన్నాడు చిట్టితో. పిడి తానే పట్టుకున్నాడు.

పదిహేను తిప్పులు తిప్పాడు. ఇంజన్ పక్కకు ఒరిగింది. క్రాంకు వాళ్ళవైపు తిరిగింది. మేస్త్రి పిడి పట్టుకునే ఉన్నాడు. వదలాల్సిన చోటు వచ్చింది. వదల్లేదు. పిడి మీద ఆయన వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి.

గుండ్ల వైపు ఒకసారి చూశాడు.

పదకొండు గంటలకు రెండు నిమిషాలుండగా ఆయన చెయ్యి తీశాడు.

“ఒకటి,” అన్నాడు.

యాభై దాకా మామూలుగా లెక్కపెట్టాడు. యాభై దగ్గర ఆగి, మూలకు వెళ్ళి, విప్పిపెట్టిన ఫ్లైవీల్‌ను దొర్లించుకుంటూ తెచ్చాడు. గొలుసుతో ఎత్తి, ఇంజన్ ఒక అంచుకు కొక్కెంతో వేలాడదీసి, గొలుసు విప్పేశాడు. ఒక పక్కకే నలభై అయిదు కిలోల అదనపు లాగుడు. ఒప్పందంలో లేనిది. చిట్టి అభ్యంతరం చెప్పలేదు. వెనక్కి వచ్చి “యాభై ఒకటి” అన్నాడు.

వంద అయింది.

ఇంజన్ కదల్లేదు. పిడి కదల్లేదు. మేస్త్రి గొంతుక్కూర్చుని గుండ్లు చూశాడు. ముందుది చుక్క మీద ఉంది. వెనకది చుక్క మీద ఉంది.

ఆయన ఊఁ అనలేదు. లేచి, మోకాళ్ళు దులుపుకున్నాడు.

“ఇప్పుడు పెట్టొచ్చు బాబాయ్ చెయ్యి,” అంది చిట్టి. ఆమె ముఖంలో ఉన్నది నవ్వు కాదు, అంతకంటే పెద్దది. ఆ ఒక్క వాక్యం నలుగురి ముందు అనడానికే ఆమె నాలుగు నెలలు ఇనుము కోసింది.

బాబాయి వలయంలోకి వెళ్ళాడు. గుడ్డ తీసుకుని క్రాంకు మూడో బేరింగు తుడవడం మొదలుపెట్టాడు. పదకొండేళ్ళ కిందట సగంలో ఆగిన పని అదే. ఎడమచేత్తోనే తుడిచాడు. పూర్తిగా తుడిచి, వెలుతురుకు వంగి చూసి, ఇంకోసారి తుడిచాడు.

“అరిగింది అన్నయ్యా. మార్చాలి,” అన్నాడు.

“మారుద్దాం,” అన్నాడు మేస్త్రి.

అమ్మ పమిటచెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని గుమ్మంలోనుంచి ఇంట్లోకి వెళ్ళిపోయింది. మేనేజరు లేచి స్టాండు స్తంభాన్ని వేలితో కొట్టి చూశాడు, అది కొబ్బరికాయ అయినట్టు.

“మరి ఆ ఎర్రదాన్ని ఏం చేస్తారు?”

“పంపు ఇంజన్లకు బ్రహ్మాండంగా పనికొస్తుంది,” అంది చిట్టి. “చంకన పెట్టుకునే బరువులకు.”

*

పదకొండూ పదికి అంకె కొట్టే పని వచ్చింది.

“ఎంత కొడతావు?” అన్నాడు మేస్త్రి.

“ఎనిమిది వందల నలభై.”

ఆయన అచ్చుల పెట్టె వైపు చూశాడు. “లెక్క ప్రకారం ఎంత మోస్తుంది?”

“పన్నెండు వందలు. ఇంకా ఎక్కువే.”

“అయితే గుండ్రంగా వెయ్యి కొట్టు. నీ లెక్కలో ఇంకా రెండు వందలు మిగులుతుంది.”

“వెయ్యి మోసి చూడలేదు నాన్నా. మోసింది ఎనిమిది వందల నలభై. మోయగలిగింది కాదు, మోసిందే కొడతాను. రేపు వెయ్యి ఎక్కిస్తే రేపు వెయ్యి కొడతాను.”

“వెయ్యి కొట్టు,” అన్నాడు మళ్ళీ. గొంతులో అధికారం లేదు. అడుగుతున్నట్టు ఉంది.

“ఎందుకు?”

మేస్త్రి ఇంజన్ దగ్గర వంగి ఉన్న తమ్ముడి వీపు వైపు చూశాడు. పెరటి తలుపు వైపు చూశాడు. ఆ తలుపు అవతల పాత స్టాండు ఉంది. దాని స్తంభం మీద ఆయన చేత్తో కొట్టిన అంకె ఇంకా చదవడానికి వస్తుంది. ఎనిమిది వందలు. ఆ రోజు దాని మీద ఉన్న ఇంజన్ బరువు ఏడు వందల పది.

మొలతాడు నుంచి తాళంచెవి విప్పాడు. ముడి చాలాకాలం నాటిది, రావడానికి సమయం పట్టింది. తాళంచెవిని కూతురి అరచేతిలో పెట్టి, ఆ చేతిని తన చేత్తో మూశాడు.

“చిన్న మేస్త్రీ,” అన్నాడు. వీధి ఆమెను ఆ పేరుతో ఏడిపిస్తుంది. ఆయన నోట రావడం అదే మొదటిసారి. “పెట్టె నువ్వే తెరువు.”

ఆయన పంపు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. వీపు ఇటువైపు ఉంది.

పెట్టె బల్ల కింది అరలో ఉంది. చెక్కపెట్టె, రెండు జానల పొడవు. తాళం తుప్పుపట్టింది, నూనె చుక్క వేస్తే తెరుచుకుంది. లోపల వరసగా గూళ్ళు. ఒక్కో గూట్లో ఒక్కో అచ్చు, ఒక్కో అంకె. సున్నా తీసి బల్ల మీద పెట్టింది. నాలుగు తీసి పక్కన పెట్టింది. తొమ్మిదికి ఆరునే తిరగేసి కొడతారు కాబట్టి ఎనిమిది వరస చివర ఉండాలి.

చివరి గూట్లో నూనెగుడ్డ చుట్టి ఉంది. విప్పింది.

ఎనిమిది లేదు. వెయ్యి కొట్టడానికైతే అది అక్కర్లేదు. పొడవాటి ఇనుప కడ్డీ ముక్క ఉంది. ఒక కొసన పట్టుకోవడానికి వంచిన ఉంగరం. రెండో కొస వాలుగా విరిగి ఉంది.

“చిట్టీ, ఎనిమిది దొరకలేదా?” బాబాయి వలయం దాటి, చేతులు తుడుచుకుంటూ బల్ల వైపు వస్తున్నాడు.

పంపు కింద నీళ్ళ చప్పుడు ఆగింది.

చిట్టి జేబులోనుంచి తన ముక్క తీసింది. విరిగిన కొసను విరిగిన కొసకు ఆనించి చూసింది.

సందు లేకుండా కలిశాయి.